పోయిన ఖాతాను అడుగుతున్న సాఫ్ట్‌వేర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే ఇబ్బందిని గురించినవి. ఏడాది లెక్కలు ముగిశాక పాత ఖాతాలను, తప్పు బిల్లులను శుభ్రం చేద్దామని కూర్చున్న వారికి కంప్యూటర్ తెర మీద 'రికార్డు తొలగించబడింది' అనే మాట ఎదురవుతోంది. అందుకని ఈ సంచికలో ఆ ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తి (కమీషన్) దుకాణం. రెండేళ్లుగా తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకానికి రాసే లెక్క చీటీలు), రైతుల చెల్లింపులు, ఖరీదుదారుల బాకీలు అన్నీ ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాం. మార్కెట్ పనికి తగినట్టు కొన్ని అదనపు తెరలను హన్మకొండలో ఒక ప్రోగ్రామర్‌తో చేయించుకున్నాం. మిర్చి సీజను అయిపోయాక, ఒకే రైతు పేరు రెండు మూడు సార్లు ఉందని మా గుమస్తా నలభై దాకా పేర్లు తొలగించాడు. ఇప్పుడు కొన్ని పాత తక్‌పట్టీలు తెరవబోతే 'రికార్డు లేదు, లేదా తొలగించబడింది' అని వస్తోంది. అదే పేరు, అదే ఊరు, అదే ఫోన్ నంబరుతో ఖాతా మళ్లీ తెరిచినా ఎర్రర్ పోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక అడ్తిదారు, వరంగల్

జవాబు: అన్నిటికన్నా ముందు, కొత్త ఖాతాలు తెరవడం ఇక్కడితో ఆపండి. మీరు మళ్లీ తెరిచిన ప్రతి ఖాతా రేపు ఎవరో ఒకరు కూర్చుని విలీనం చేయవలసిన మరో నకిలీ ఖాతా అవుతుంది.

పాత రోజుల్లో చిట్టా రాసేవారు పద్దు పక్కన ఆవర్జా (ఖాతాల పుస్తకం) పుట సంఖ్య వేసుకునేవారు. కంప్యూటర్‌కు ఆ పుట సంఖ్య ఒక్కటే తెలుసు, పేరుతో దానికి పనిలేదు. రైతు ఖాతా తెరిచిన క్షణంలోనే డేటాబేస్ ఆ వరుసకు ఒక సంఖ్య కేటాయిస్తుంది. అది 4187 అనుకుందాం. తక్‌పట్టీ తెర మీద మీకు 'కొమురయ్య, పర్వతగిరి' అని కనిపించినా లోపల నిల్వ ఉన్నది 4187 మాత్రమే. ఖాతాను తొలగిస్తే ఆ పుట చింపివేసినట్టే. అదే పేరుతో మళ్లీ తెరిచినప్పుడు 5302 అనే కొత్త పుట వస్తుందే తప్ప, ఒకసారి ఇచ్చిన సంఖ్యను డేటాబేస్ తనంతట తాను మరొకరికి ఇవ్వదు. కాబట్టి మీ పాత తక్‌పట్టీ ఇప్పటికీ 4187నే అడుగుతోంది, అది దొరకక తెరుచుకోవడం లేదు.

తక్‌పట్టీలు ఉన్న ఖాతాను తొలగించడానికి సాఫ్ట్‌వేర్ అసలు ఎలా ఒప్పుకుంది అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల సంబంధాల మీద నడిచే డేటాబేస్ నమూనాను ప్రతిపాదించినప్పుడే, ఒక పట్టికలోని వరుసను మరో పట్టిక నుంచి చూపించే 'ఫారిన్ కీ' అనే భావన అందులో ఉంది. ఓడూకు అడుగున పనిచేసే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు 'ఈ గడిలోని సంఖ్య ఫలానా పట్టికలోని వరుసది' అని ముందే చెప్పి ఉంచితే, ఆ వరుసను తొలగించబోయినప్పుడు చెప్పినదాన్ని బట్టి మూడింటిలో ఒకటి చేస్తుంది: తొలగింపును నిరాకరిస్తుంది, లేదా దాని మీద ఆధారపడినవాటిని కూడా తొలగిస్తుంది, లేదా ఆ గడిని ఖాళీ చేస్తుంది. మామూలు ఇన్‌వాయిస్‌లు ఉన్న ఖాతాను తొలగించబోతే 'ఇది వేరేచోట వాడుకలో ఉంది, వీలైతే ఆర్కైవ్ చేయండి' (అంటే చెరపకుండా, జాబితాలో కనిపించకుండా పక్కన పెట్టండి) అని ఓడూ అడ్డుపడేది ఇందువల్లే. మీ దగ్గర అడ్డుపడలేదు కనుక నా అనుమానం మీరు చేయించుకున్న అదనపు తెరల మీద ఉంది. ఆ ప్రోగ్రామర్ రైతు సంఖ్యను సంబంధంగా ప్రకటించకుండా ఉత్త అంకెగానో, అక్షరాలుగానో దాచి ఉంటారు. అలా దాచినప్పుడు అది మరో పట్టికకు దారి అని డేటాబేస్‌కు తెలియదు, తెలియనిదానికి అది కాపలా కాయలేదు.

పైన చెప్పిన మూడింటిలో చివరి రెండు మరింత ప్రమాదకరమైనవి. తెరుచుకోని తక్‌పట్టీలు కనీసం నోరు తెరిచి చెబుతున్నాయి. రైతు గడి చడీచప్పుడు లేకుండా ఖాళీ అయిన తక్‌పట్టీలు, ఖాతాతోపాటే పోయిన కాగితాలు ఏమీ చెప్పవు. కాబట్టి రైతు పేరు లేని తక్‌పట్టీలు ఎన్ని ఉన్నాయో ఈరోజే జల్లెడ పట్టండి. తక్‌పట్టీల వరుస సంఖ్యలలో ఎక్కడైనా ఖాళీలు పడ్డాయేమో ప్రింటు తీసి చూడండి.

ఇక చేయవలసిన పని. ఎర్రర్ వచ్చినప్పుడు తెరను ఫోటో తీయండి. ఆ సందేశంలో 'రెస్ డాట్ పార్ట్‌నర్' వంటి పట్టిక పేరు, దాని పక్కన బ్రాకెట్లలో ఒక సంఖ్య ఉంటాయి. పోయినది ఏ వరుసో ఆ సంఖ్యే చెబుతుంది. బ్రౌజర్‌లో నిన్నటి నుంచి తెరిచి ఉంచిన పేజీ వల్ల కూడా ఇదే సందేశం వస్తుంది కనుక, మరో కంప్యూటర్ నుంచి లాగిన్ అయి, మెనూ నుంచే తక్‌పట్టీని తెరిచి చూడండి. తరువాత ఖాతాల జాబితాలో 'ఆర్కైవ్' అనే ఫిల్టర్ పెట్టి చూడండి. నలభైలో కొన్నింటిని మీ గుమస్తా తొలగించకుండా ఆర్కైవ్ చేసి ఉంటే, వాటిని ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

మిగిలినవాటికి బ్యాకప్ కావాలి. అయితే పాత బ్యాకప్‌ను నడుస్తున్న డేటాబేస్ మీద ఎన్నడూ ఎక్కించకండి. నలభై పేర్లు తిరిగి వస్తాయి గానీ ఆ తరువాత రాసిన పద్దులన్నీ పోతాయి. ముందు ఇప్పుడున్న స్థితినే, చెడిపోయి ఉన్నా సరే, ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టండి. తరువాత తొలగింపుకు ముందునాటి బ్యాకప్‌ను వేరే పేరుతో, వేరే డేటాబేస్‌గా తెరవండి. ఆ నకలు నుంచి రైతులకు మెయిళ్లు, సందేశాలు వెళ్లకుండా వాటిని నిలిపివేయించడం మరిచిపోవద్దు. ఆ నకలులో కూర్చుని పోయిన ప్రతి సంఖ్యకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, ఊరు, నిల్వ రాసుకోండి.

ఈ జాబితా చేతికొచ్చాక రెండు దారులు ఉన్నాయి. తొలగించిన ఖాతా నిజంగా నకిలీయే అయితే, పాత తక్‌పట్టీలలోని సంఖ్యను ఇప్పుడు మిగిలి ఉన్న అసలు ఖాతా సంఖ్యగా మార్చాలి. నకిలీ కాదని తేలితే, ఆ వరుసను పాత సంఖ్యతోనే డేటాబేస్‌లో తిరిగి చేర్చాలి. ఈ రెండవది మీరు అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు అవసరం కావచ్చు. మన దగ్గర ఒక ఊళ్లో నలుగురు సమ్మయ్యలు ఉండడం వింత కాదు, ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే కావచ్చు. మరోవైపు ఒకే కొమురయ్యను ఇంగ్లిషు అక్షరాలలో ఒకరు 'యు' పెట్టి, ఇంకొకరు పెట్టకుండా, మూడోవారు చివర 'హెచ్' వదిలేసి రాస్తారు. పేరు చూసి ఒకరా ఇద్దరా అని తేల్చడం గుమస్తా వల్ల కాదు, మీ వల్ల కూడా కాదు. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు మూడూ సరిపోల్చాకే విలీనం చేయండి. గుమస్తాను కోప్పడడం కూడా అనవసరం. పేర్లు ఒకే తీరుగా రాయాలన్న నియమం దుకాణంలో ఎవరూ పెట్టలేదు కదా.

రెండు దారులూ డేటాబేస్‌లో నేరుగా చేసే పనులు. వాటిని ప్రోగ్రామరే, ముందు నకలులో చేసి చూపించాక, మార్కెట్ సెలవు రోజున అసలుదానిలో చేయాలి. పని అయిన తరువాత ప్రతి రైతు నిల్వ, మొత్తం బాకీల కూడిక పాత నకలులోని అంకెలతో సరిపోవాలి. ఆ తేదీ తరువాత రాసిన పద్దుల మేరకు మాత్రమే తేడా రావాలి.

ఇకముందు నకిలీ పేర్లు కనిపిస్తే తొలగించకుండా, కాంటాక్టుల జాబితాలో వాటిని ఎంచుకుని 'మెర్జ్' అనే సౌకర్యం వాడండి. అది భద్రత కోసం ఒక విడతకు మూడు పేర్లకు మించి కలపనివ్వదు, పాత కాగితాలన్నిటినీ మిగిలిన ఖాతా వైపు తనే తిప్పుతుంది. కానీ అది తిప్పగలిగేది సంబంధంగా ప్రకటించిన గడులను మాత్రమే. మీ అదనపు తెరలలో ఉత్త అంకెగా దాచిన సంఖ్యను అదీ గుర్తించదు. కనుక ప్రోగ్రామర్‌తో ముందు ఆ గడిని సరిచేయించండి, అప్పటిదాకా మెర్జ్ కూడా వాడవద్దు. గుమస్తా లాగిన్‌కు చదవడం, రాయడం, కొత్తది తెరవడం అనే హక్కులు ఉంచి, తొలగించే హక్కు ఒక్కటి తీసివేయించండి; ఓడూలో ఈ నాలుగూ విడివిడిగా ఇవ్వవచ్చు.

ప్రశ్న: మేము వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాం, లెక్కలు ట్యాలీ ప్రైమ్‌లో. తప్పుగా కొట్టిన ఒక బిల్లును డిలీట్ చేశాను. మరుసటి రోజు చూస్తే, దాని తరువాతి బిల్లులు చిల్లర దుకాణాల వాళ్ల దగ్గర ఉన్న కాగితాలలో ఒక నంబరుతో, మా కంప్యూటర్‌లో మరో నంబరుతో ఉన్నాయి. ఇంకో సంగతి, వాడని ఒక పార్టీ ఖాతాను తొలగించబోతే ట్యాలీ ఒప్పుకోవడం లేదు.
– ఒక వ్యాపారి, వరంగల్

జవాబు: రెండవదానితో మొదలుపెడితే, ట్యాలీ ఒప్పుకోకపోవడం మీకు మేలే. ఆ ఖాతా మీద ఒక్క వోచర్ (పద్దు) ఉన్నా అది తొలగింపును నిరాకరిస్తుంది. మీరు 'వాడని' ఖాతా అనుకుంటున్నది ఏనాటిదో, ఇంకా లెక్కలలో కలపని ఒక ఆప్షనల్ వోచర్‌లోనో, ముందు తేదీ వేసిన చెక్కు పద్దులోనో చిక్కుకుని ఉండవచ్చు. అవి మామూలు నివేదికలలో కనిపించవు. ఆ ఖాతాను తొలగించాలన్న పట్టుదల మానుకుని, బాకీదారుల గ్రూపు కిందే 'పాత పార్టీలు' అని ఒక ఉపగ్రూపు తెరిచి అందులోకి మార్చేస్తే సరిపోతుంది.

బిల్లు సంగతి అంత తేలికైనది కాదు. ట్యాలీలో ఆల్ట్–డి నొక్కితే వోచర్ డిలీట్ అవుతుంది, ఆల్ట్–ఎక్స్ నొక్కితే క్యాన్సిల్ అవుతుంది. డిలీట్ అయినదాని చోటు కూడా మిగలదు. వోచర్ రకానికి నంబర్లు ఆటోమేటిక్‌గా పడేటట్టు, తొలగింపు జరిగినప్పుడు మళ్లీ వరుస పెట్టేటట్టు అమర్చి ఉంటే, మధ్యలో ఒక బిల్లు పోగానే దాని వెనుకవన్నీ ఒక్కో నంబరు ముందుకు జరుగుతాయి. మీ దగ్గర జరిగింది ఇదే. క్యాన్సిల్ చేసిన బిల్లు మాత్రం తన నంబరుతో, సున్నా మొత్తంతో అక్కడే నిలిచి ఉంటుంది.

ముందుగా, మళ్లీ వరుస పెట్టే అమరికను అలాగే ఉంచండి. అది ఉండగానే డిలీట్ అయిన బిల్లును అదే తేదీతో, అదే స్థానంలో తిరిగి చేర్చి, వెనుకటి నంబర్లు కాగితాలతో సరిపోయాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకోండి. సరిపోయాక వోచర్ రకం అమరికలోకి వెళ్లి, పాత నంబర్లనే నిలుపుకోవాలన్న ఎంపికను పెట్టి, ఆ తరువాతే ఆ బిల్లును క్యాన్సిల్ చేయండి. క్యాన్సిల్ చేశాక పాత మొత్తాలను తిరిగి తెచ్చుకోలేరు కనుక ముందే ఒక ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి. ఈ పని మొత్తానికి ముందు కంపెనీ బ్యాకప్ తీయాలని వేరే చెప్పనక్కర లేదు.

నంబర్ల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, జీఎస్టీ నియమం 46 ప్రకారం ఇన్‌వాయిస్ సంఖ్యలు వరుసగా ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక సంఖ్య ఒక్కసారే రావాలి. జీఎస్టీఆర్–1 రిటర్నులోని 13వ పట్టికలో ఎన్ని బిల్లులు జారీ చేశారు, వాటిలో ఎన్ని రద్దు చేశారు అని చెప్పాలి. రద్దుకు అక్కడ గడి ఉంది, మాయమైనదానికి లేదు. నియమం 56(8) మరింత నేరుగా మాట్లాడుతుంది: ఖాతా పుస్తకాలలో పద్దును చెరపకూడదు, దాని మీద మరొకటి దిద్దకూడదు, కంప్యూటర్‌లో లెక్కలు ఉంచేవారు మార్చిన, తొలగించిన ప్రతి పద్దుకూ ఒక లాగ్ ఉంచాలి. మీది కంపెనీగా నమోదైన సంస్థ అయితే, మార్పుల జాడను దాచే, ఆ జాడను ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడాలి. సొంత వ్యాపారానికి ఈ కంపెనీల నియమం వర్తించదు గానీ, జీఎస్టీ నమోదు ఉన్నంతకాలం 56(8) వర్తిస్తుంది.

మీ టర్నోవరు 5 కోట్లు దాటి ఈ–ఇన్‌వాయిస్‌లు తీస్తున్నట్టయితే మరో చిక్కు ఉంది. ట్యాలీలో డిలీట్ చేసినంత మాత్రాన ప్రభుత్వ పోర్టల్‌లో ఆ ఇన్‌వాయిస్ పోదు. అక్కడ రద్దు చేయడానికి 24 గంటలే గడువు. గడువు దాటితే క్రెడిట్ నోటు రాసుకోవడమే మార్గం. రద్దు చేసిన నంబరును మళ్లీ వాడబోతే పోర్టల్ తీసుకోదు.

ప్రశ్న: జగిత్యాల జిల్లాలో మాకు రైస్ మిల్లు ఉంది. ధాన్యం లారీల గేటు పద్దులకు మా నాన్నగారి కాలంలో రాయించిన ఫాక్స్‌ప్రో ప్రోగ్రామే ఇంకా వాడుతున్నాం. ఒక పద్దు తొలగించి అదే నంబరుతో మళ్లీ రాయబోతే 'ఇండెక్స్ ఏకత్వం దెబ్బతింది' అనే అర్థం వచ్చే ఎర్రర్ వస్తోంది. పైగా తొలగించిన బస్తాలు ఒక నివేదికలో కలుస్తున్నాయి, మరోదానిలో కలవడం లేదు.
– ఒక మిల్లు యజమాని

జవాబు: మీ ఉత్తరం చదివి ఒకసారి పాత రోజుల్లోకి వెళ్లివచ్చాను. నేను మొదట జీతానికి రాసిన ప్రోగ్రాములు ఫాక్స్‌ప్రోలోనే, జమ్మికుంటలో ఒక పత్తి వ్యాపారి దగ్గర. మీరు చెప్పిన రెండు జబ్బులనూ నా చేతులతో నేనే అక్కడ తెచ్చిపెట్టాను.

ఫాక్స్‌ప్రోలో తొలగించడం అంటే కొట్టివేత గుర్తు పెట్టడం మాత్రమే. పద్దులు దాచే డీబీఎఫ్ ఫైలులో ప్రతి వరుసకు మొదటి అక్షరం చోటు ఈ గుర్తు కోసం కేటాయించి ఉంటుంది: మామూలుగా అక్కడ ఖాళీ ఉంటుంది, తొలగిస్తే నక్షత్రం గుర్తు పడుతుంది. వరుస మాత్రం ఫైలులోనే ఉంటుంది. 'సెట్ డిలీటెడ్ ఆన్' అనే ఆజ్ఞ ఉన్నచోట ఆ వరుసలు కనిపించవు, లేనిచోట కనిపిస్తాయి. ఒక నివేదిక రాసినవారు ఆ ఆజ్ఞ పెట్టారు, మరో నివేదిక రాసినవారు మరిచిపోయారు. మీ బస్తాల తేడా అదే. ఇక ఒకే నంబరు రెండుసార్లు రాకుండా కాపాడే ఇండెక్స్ నక్షత్రం గుర్తును పట్టించుకోదు. దాని దృష్టిలో ఆ నంబరు ఇంకా వాడుకలోనే ఉంది కనుక రెండోసారి రానివ్వదు.

మంచి వార్త ఏమిటంటే, పొరపాటున తొలగించిన పద్దును 'రీకాల్' ఆజ్ఞతో వెనక్కి తీసుకోవచ్చు. మీ విషయంలో కొత్త వరుస రాసేకన్నా పాత వరుసనే రీకాల్ చేసి దిద్దుకోవడం సులువు. తొలగించినవాటిని శాశ్వతంగా తీసివేసే 'ప్యాక్' ఆజ్ఞ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి, ఆ తరువాత రీకాల్ పనిచేయదు. ప్యాక్ తప్పదనుకుంటే డీబీఎఫ్, సీడీఎక్స్, ఎఫ్‌పీటీ ఫైళ్లు మూడింటినీ కలిపి నకలు తీసుకుని, మిగతా కంప్యూటర్లలో ప్రోగ్రామును మూసివేయించి చేయండి. ప్రోగ్రాము మూలం మీ దగ్గర ఉంటే, తొలగించని వరుసలనే లెక్కలోకి తీసుకునేటట్టు ఇండెక్స్‌కు షరతు పెట్టించడం దీనికి అసలైన మందు.

ఈ భాషకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ముగిసింది. మీ ప్రోగ్రాము నడుస్తున్నంతకాలం నడపండి, నేను అభ్యంతరం చెప్పను. కానీ వేసవిలో కరెంటు పోయినప్పుడు సగం రాసిన డీబీఎఫ్ ఫైలు పాడవడం మామూలే కనుక, ఆ కంప్యూటర్‌కు ఒక యూపీఎస్ పెట్టించండి.

ప్రశ్న: హన్మకొండలో మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. మేము వాడేది ఆక్సెస్ ఫారాలు, వెనుక డేటా దాచేది ఎస్‌క్యూఎల్ సర్వర్. కొత్త సర్వర్‌కు మారినప్పటి నుంచి ఒక పట్టిక తెరిస్తే ప్రతి గడిలో 'డిలీటెడ్' అని కనిపిస్తోంది. సర్వర్‌లో చూస్తే వరుసలన్నీ భద్రంగా ఉన్నాయి!
– ఒక అకౌంటెంట్

జవాబు: ఏదీ తొలగిపోలేదు, కంగారు పడకండి. సర్వర్‌లోని పట్టికను తెరిచినప్పుడు ఆక్సెస్ ముందుగా వరుసల కీలను (ఒక్కో వరుసను గుర్తించే విలువలను) మాత్రమే తెచ్చుకుంటుంది, తరువాత ఒక్కో కీని చూపించి 'ఈ వరుస ఇవ్వు' అని అడుగుతుంది. తెచ్చుకున్న కీకి, తిరిగి అడిగినప్పుడు దొరికిన కీకి వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఆ వరుస ఎవరో తొలగించారని తీర్మానించుకుని ఆ మాట చూపిస్తుంది. కొత్త సర్వర్‌లో కీని 'బిగ్‌ఇంట్' రకంగా మార్చారేమో అడగండి, దశాంశ బిందువు ఉన్న 'ఫ్లోట్' రకం కీ కూడా ఇదే గొడవ తెస్తుంది. కీని మామూలు 'ఇంట్' రకానికి మార్చి, ఆక్సెస్‌లో ఆ పట్టికను లింకు తీసి మళ్లీ లింకు చేస్తే చాలావరకు పోతుంది. బిగ్‌ఇంట్ తప్పనిసరి అయితే, దానికి మద్దతిచ్చే ఎంపిక ఇటీవలి ఆక్సెస్ అమరికలలో ఉంది. అది పెట్టాక కూడా లింకును కొత్తగా చేయాలి. సర్వర్ పట్టికలో 'రోవెర్షన్' రకం నిలువు వరుస ఒకటి చేర్చడం కూడా మంచిది, వరుస మారిందా లేదా అని ఆక్సెస్ దాన్ని చూసి తేల్చుకుంటుంది.

అన్ని వరుసలలో కాక ఒకటి రెండింటిలోనే ఆ మాట కనిపిస్తే సంగతి వేరు: మీ ఫారం తెరిచి ఉండగా మరో కంప్యూటర్‌లో ఎవరో వాటిని నిజంగానే తొలగించారు. షిఫ్ట్–ఎఫ్9 నొక్కితే జాబితా కొత్తగా వచ్చి అవి కనుమరుగవుతాయి.

ప్రశ్న: కాజీపేటలో మాకు రెండు కౌంటర్ల కిరాణా దుకాణం. అప్పుడప్పుడు బిల్లు సేవ్ చేయబోతే 'మరో వాడుకరి ఈ రికార్డును మార్చారు లేదా తొలగించారు' అని వచ్చి, కొట్టిందంతా పోతోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఇది లోపం కాదమ్మా, కాపలా. రెండు కౌంటర్లలో ఒకే బిల్లును ఒకేసారి తెరిచినప్పుడు, మొదట సేవ్ చేసినవారి మాటే నిలుస్తుంది. రెండోవారు చూస్తున్నది పాత ప్రతి కనుక దానిని పైన రాయనివ్వదు. ఆపి ఉంచిన బిల్లులను ఏ కౌంటర్‌వి ఆ కౌంటర్‌లోనే తెరవాలని పిల్లలకు చెప్పండి. ఒకేసారి తెరవకపోయినా ఎర్రర్ వస్తుంటే మాత్రం, ఒక కౌంటర్ కంప్యూటర్‌లో ప్రోగ్రాము రెండుసార్లు తెరిచి ఉందేమో చూడండి.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర గ్రానైట్ యూనిట్‌లో ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. మూడు రోజుల కిందట ఒక ఐటమ్ మాస్టర్ (సరుకు వివరాల పద్దు), కొన్ని డ్రాఫ్టు డెలివరీ నోట్లు తొలగించాను. ఇప్పుడు అవి కావాలి. తిరిగి వస్తాయా?
– ఒక సూపర్‌వైజర్

జవాబు: వస్తాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో తొలగించిన కాగితం నకలు 'డిలీటెడ్ డాక్యుమెంట్' అనే జాబితాలో పడి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో ఆ జాబితా తెరిచి, కావలసినదాన్ని ఎంచుకుని 'రిస్టోర్' నొక్కాలి. ఇక్కడ వరుస తప్పకండి: ముందు ఐటమ్ మాస్టర్‌ను తిరిగి తేవాలి, ఆ తరువాతే దానిని చూపిస్తున్న డెలివరీ నోట్లను. తలకిందులుగా చేస్తే నోట్లు తాము అడిగే ఐటమ్ దొరక్క మళ్లీ ఎర్రర్ ఇస్తాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లంకెలకు సంఖ్య కాక కాగితం పేరే కీ కనుక, పైన అడ్తిదారుకు చెప్పినదానికి భిన్నంగా, అక్షరం తేడా లేకుండా అదే ఐటమ్ కోడ్‌తో కొత్తగా తెరిచినా లంకె అతుక్కుంటుంది. కానీ పాత రేట్లు, కొలతల మార్పిడి వివరాలు అందులో ఉండవు. అందువల్ల రిస్టోరే మేలు.

సబ్మిట్ చేసిన నోట్లనైతే మీరు అసలు నేరుగా తొలగించి ఉండలేరు, వాటిని ముందు క్యాన్సిల్ చేయాలి. స్టాకు లెక్కలో ఏమైనా తేడా కనిపిస్తే, క్యాన్సిల్ అయిన నోట్లను అదే తేదీల ఫిల్టర్‌తో చూడండి. క్యాన్సిల్ అయినదాన్ని 'అమెండ్' చేసినప్పుడు వచ్చే కొత్త నోటు పేరు చివర ఒకటి అంకె చేరుతుంది కనుక, పాతదానికి కొత్తదేదో సులభంగానే తెలుస్తుంది. 'డిలీటెడ్ డాక్యుమెంట్' జాబితాలో మీ నోట్లు కనిపించకపోతే మిగిలేది బ్యాకప్ ఒక్కటే. దానిని విడిగా వేరే సైటుగా తెరిచి, కావలసిన కాగితాలను మాత్రమే అక్కడి నుంచి ఎక్స్‌పోర్టు చేసి తెచ్చుకోండి.